మారిషస్ పిల్లలకి తెలుగు చెప్పొచ్చాను: గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక రిటైర్డ్ టీచర్ ప్రసంగం

వెనకాల వాళ్ళకి వినపడుతోందాండి? ఆ, సరే. అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే కనపడుతున్నారు కాబట్టి నా పరిచయం పెద్దగా అక్కర్లేదు. మన కోనసీమలోనే జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరయ్యాను, ఆ తర్వాత మారిషస్ వెళ్ళి అక్కడి పిల్లలకి వాలంటీర్‌గా తెలుగు చెప్పొచ్చాను. అక్కడ మనవాళ్ళ సంఘాలు చాలా ఊళ్ళల్లో ఉన్నాయి, గుడి పక్కన హాల్లో శని ఆదివారాలు క్లాసులు నడుపుతారు, అలాంటి ఒక చోట. జీతం లేదు. ఒక కుటుంబం వాళ్ళు తమ ఇంట్లో గది ఇచ్చి, భోజనం పెట్టి, సొంత మేనత్త వచ్చినట్టు చూసుకున్నారు.

మారిషస్ అనగానే మనవాళ్ళకి బీచులు, హనీమూన్లు, సినిమా పాటల షూటింగులు గుర్తొస్తాయి. మన డెల్టా వాళ్ళకి గుర్తు రావాల్సింది ఇంకోటుందండి. అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు, ఆ పేరు ఇప్పటికీ వినపడుతుంది. కోరంగి అంటే ఎక్కడిదో కాదు, కాకినాడ నుంచి యానాం పోయే దారిలో మడ అడవులు చూడ్డానికి ఆదివారం పిల్లల్ని తీసుకెళ్తామే, ఆ కోరంగే. 1843లో ఆ రేవు నుంచి కోరంగి ప్యాకెట్ అనే ఓడ మనవాళ్ళని ఎక్కించుకుని మారిషస్ వెళ్ళింది. ఆ ఓడ పేరు అక్కడి తెలుగు పిల్లలకి తెలుసు. ఇక్కడ ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి చూద్దాం. ఆ... నలుగురు. ఫర్వాలేదు.

మొదట దిగినప్పటి సంగతి చెప్తాను. ఎయిర్‌పోర్టు దీవికి ఆగ్నేయం మూల సముద్రం పక్కనే ఉంది, అక్కణ్ణుంచి మేముండే ఊరు వకోవా వైపు, దీవి మధ్యలో ఎత్తు మీద. దారి పొడుగునా చెరుకే. జూన్ నెల, కోతలు అప్పుడే మొదలయ్యాయి. చెరుకంటే మనకి కొత్తేం కాదు కదా, కానీ ఆ చేల మధ్యలో అక్కడక్కడ నల్లటి రాళ్ళ గుట్టలు, కొన్ని మనిషెత్తు, కొన్ని రెండు మనుషులెత్తు, గోపురంలా పేర్చి ఉన్నాయి. కారు నడిపే అబ్బాయిని అడిగితే చెప్పాడు, ఇది అగ్నిపర్వతం పుట్టించిన దీవి, నేల నిండా ఈ రాళ్ళే, చెరుకు వెయ్యాలంటే ముందు రాళ్ళు ఏరాలి, అవన్నీ మా ముత్తాతలు చేతుల్తో ఏరి పోసినవి అని. నేను కారు ఆపించి దిగి ఒక గుట్ట దగ్గరికి వెళ్ళి చూశాను. ఒక్కో రాయి నా రెండు చేతులూ పట్టినా లేవదు. మనది ఒండ్రు మట్టి నేల, కోనసీమలో ఇల్లు కట్టుకోవాలంటే కంకర కూడా బయటి నుంచి తెచ్చుకోవాలి, పిల్లాడు విసరడానికి గులకరాయి వెతుక్కోవాల్సిన ఊళ్ళు మనవి. అలాంటి నేలలో పుట్టినవాళ్ళు ఓడ దిగి చేసిన పని ఇదన్నమాట. నాకు మారిషస్ గురించి ఎవరు ఏమడిగినా ముందు ఆ రాళ్ళే చెప్తానండి.

వాళ్ళెందుకు వెళ్ళారనేది చరిత్ర పుస్తకాల్లో ఉంది, క్లుప్తంగా చెప్తా. 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది, తోటల యజమానులకి కూలీలు కావాల్సొచ్చింది, అప్పటికే 1834 నుంచే మన దేశం నుంచి కాంట్రాక్టు కూలీలని తీసుకెళ్ళడం మొదలెట్టారు, 1920 లోపు దాదాపు 5 లక్షల మంది వెళ్ళారు. బీహార్ వైపు నుంచి వెళ్ళిన భోజ్‌పురి వాళ్ళు ఎక్కువ, తమిళులు, మరాఠీలు, మనవాళ్ళు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవాళ్ళు, డబల్ కట్ అంటారు దాన్ని, అక్కడ పదో ఏడు పిల్లాడు కూడా ఆ మాట చెప్తాడు. మరి ఇక్కడ పరిస్థితి చూడండి, 1833లో డొక్కల కరువు, 1839 నవంబర్లో తుపాను వచ్చి కోరంగి రేవుని ఊడ్చేసింది, కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. అంటే కోరంగి ప్యాకెట్ వెళ్ళేనాటికి ఈ డెల్టాకి ఆనకట్ట లేదు, కాలవల్లేవు. ఇవాళ మనం అన్నపూర్ణ అని చెప్పుకునే ఈ నేల మీద అప్పుడు తిండికి గ్యారంటీ లేదు. దొర విగ్రహాలకి దండలేస్తాం, మంచిదే, ఆనకట్టకి ముందు వెళ్ళిపోయినవాళ్ళని కూడా ఒకసారి తల్చుకోవాలని నా ఉద్దేశం.

సరే, బతుకు సంగతికొస్తా. చలండి! మనకి జూన్ అంటే ఉక్కపోత, వాన కోసం ఎదురుచూపు. అక్కడ భూమధ్యరేఖకి దిగువన కాబట్టి జూన్, జూలై, ఆగస్టు చలికాలం, ఆ ఎత్తు మీద సన్నగా వాన, గాలి, పిల్లలు స్వెట్టర్లేసుకుని వచ్చేవాళ్ళు. స్కూలు ఏడాది జనవరిలో మొదలవుతుంది. టైము మనకంటే గంటన్నర వెనక. రోజూ పొద్దున్నే బ్రెడ్డు, మన బ్రెడ్డు కాదు, పొడుగ్గా పైన కరకరలాడేది, బేకరీ వ్యాను వీధుల్లోకొచ్చి హారన్ కొడితే ఆడవాళ్ళు సంచీ పట్టుకుని వెళ్తారు. రోడ్డు పక్కన ధోల్ పూరీ అని శనగపప్పు కూరిన మెత్తటి రొట్టెలో కూర చుట్టి ఇస్తారు, అది భోజ్‌పురి వాళ్ళ వంట, ఇప్పుడు దేశం మొత్తానిది. సాయంత్రం గాతో పిమాన్ అని నూనెలో వేయించిన శనగపప్పు బిళ్ళలు, తింటే మన పప్పు వడే. పెళ్ళిళ్ళల్లో అరిటాకులో ఏడు కూరలు వడ్డిస్తారు, అందులో ఒకటి పచ్చి పనసకాయ కూర. ఆవ పెట్టలేదు గానీ, కోనసీమ మనిషికి పనసకాయ కూర కనపడితే ఇంక అది పరదేశమనిపించదు.

మా ఇంటి పెద్దావిడ, ఎనభై దాటినావిడ, నాకు చాలా దగ్గరయింది. ఆవిడకి 1960లో వచ్చిన కేరల్ తుపాను గుర్తుంది, గడ్డి, రేకుల ఇళ్ళు ఎగిరిపోయి జనం స్కూళ్ళల్లో తలదాచుకున్నారట, ఆ తర్వాతే దీవి నిండా కాంక్రీటు డాబాలు వచ్చాయి. నేను మన 1996 నవంబర్ 6 రాత్రి చెప్పాను, కొబ్బరి చెట్లు నిలువునా విరిగి పడ్డది, తెల్లారాక ఊరు ఊరులా కనపడకపోవడం. ఆవిడ తెలుగు పదాలు కొన్ని, నేను నేర్చుకున్న క్రియోల్, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష, కొంత, మధ్యలో వాళ్ళ మనవరాలు. అలా రెండు తుపాన్లు చెప్పుకుంటూ ఒక రాత్రంతా కూర్చున్నాం.

ఇప్పుడు అసలు సంగతి, క్లాసు. పిల్లలు ఇంట్లో మాట్లాడేది క్రియోల్. టీవీ, పేపరు ఎక్కువ ఫ్రెంచి. స్కూలు పుస్తకాలు, పరీక్షలు ఇంగ్లీషు. ఈ మూడూ మోస్తూనే ప్రైమరీ నుంచి తెలుగు గానీ తమిళం గానీ హిందీ, ఉర్దూ, మరాఠీ గానీ ఐచ్ఛికంగా తీసుకుంటారు, సెకండరీలో కూడా సబ్జెక్టుగా ఉంది. గవర్నమెంటు స్కూళ్ళలో తెలుగు టీచర్లున్నారు, మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ తెలుగు శాఖ ఉంది, టీచర్లకి ట్రైనింగూ అక్కడే. ఉగాది వాళ్ళకి దేశమంతటికీ సెలవు. సెలవిస్తున్నారు కాబట్టి ఇంట్లో తెలుగు మాట్లాడతారని అనుకోకండి, ముత్తాతల నాడే ఇళ్ళల్లోంచి మాట జారిపోయింది, మిగిలింది పూజలో, పాటలో. సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, రామభజన చేస్తారు. రామభజన అంటే మధ్యలో పెద్ద దీపం పెట్టి చుట్టూ తిరుగుతూ అడుగులేస్తూ పాడడం, ఒక్కోసారి అర్ధరాత్రి దాటుతుంది.

మా క్లాసులో ఒక పిల్లాడు, మూడో తరగతి, కుదురుగా కూర్చోడు. అక్షరాలు దిద్దమంటే పెన్సిల్ చెక్కుతూ ఉంటాడు. శనివారం రాత్రి భజనకి వెళ్తే చూశాను, వాడు తాతగారి పక్కన నిలబడి పాట మొత్తం, ఒక్క చరణం వదలకుండా, అడుగు తప్పకుండా, ఒత్తులతో సహా పాడుతున్నాడు. మంచినీళ్ళు కావాలని తెలుగులో అడగడం రాదు. పాట పుస్తకం చూశాను, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుంది. మర్నాడు ఆదివారం క్లాసులో గుణింతాలు పక్కన పెట్టాను, వాడి పాటలో మొదటి లైను బోర్డు మీద తెలుగులో రాసి, నువ్వు పాడు, నేను కర్రతో చూపిస్తానన్నాను. పాడాడు. రెండోసారి కర్ర వాడికే ఇచ్చాను. మూడోసారి వాడు ఆగి, రా దగ్గర కర్ర పెట్టి, కిందికెళ్ళి మళ్ళీ ఇంకో రా దగ్గర పెట్టి, నా వైపు చూశాడు. ఆ చూపు తెలుసు కదండీ, టీచర్లందరికీ తెలుసు. తర్వాత ఏం చేశాడంటే కర్ర పట్టుకుని హాల్లోంచి బయటికి పరిగెత్తాడు, మేం వెనకాల వెళ్తే గుడి ద్వారం మీద తెలుగులో పేరు రాసుంటుంది చూడండి, వాడు పుట్టినప్పట్నుంచీ దాని కిందనుంచే నడుస్తున్నాడు, దాంట్లో రా చూపిస్తున్నాడు. ఇంక ఆ పూట క్లాసంతా గుడి చుట్టూనే, ఒకళ్ళు గోడ మీద మ, ఒకళ్ళు హుండీ మీద వి, గోలగోల.

అక్కణ్ణుంచి నేను చెప్పిన పద్ధతి అదే, వాళ్ళ నోట్లో ఆల్రెడీ ఉన్నదాన్ని కాగితం మీద చూపించడం. మన దగ్గర పిల్లాడికి మాట వచ్చు, అక్షరం నేర్పుతాం. అక్కడ పిల్లాడికి పాట వచ్చు, మాట రాదు. అందుకని ఇక్కడి ఒకటో తరగతి వాచకం తీసుకెళ్ళి అక్కడ చెప్తే కుదరదండి, మన వాచకం పిల్లాడికి ఇంట్లో తెలుగు ఉందనుకుని రాసింది. వెళ్ళేవాళ్ళు ముందు వాళ్ళ పాటలు వినండి, వాళ్ళ పూజలో కూర్చోండి, అప్పుడు పాఠం రాయండి.

(సభలోంచి ఒకరు: మేడం, మనం మాట్లాడితే వాళ్ళకి అర్థమవుతుందా?)

టీచర్లకి అర్థమవుతుంది నాయనా, నెమ్మదిగా మాట్లాడితే. నాతో పాటు క్లాసు చెప్పిన అమ్మాయి అక్కడి గవర్నమెంటు స్కూల్లో తెలుగు టీచరు, ఆ అమ్మాయి తెలుగు శుభ్రంగా, పుస్తకంలా ఉంటుంది, మన గోదావరి స్పీడు విని మొదట్లో, అమ్మా, ఇంకొక్కసారి చెప్పండి అనేది. ఆ అమ్మాయి గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మనం వెళ్ళేది కొన్నాళ్ళు, ఆ పిల్లలకి ఏడాదంతా చెప్పేది తను. ఇండియా నుంచి వచ్చారు, అసలు తెలుగువాళ్ళు అని మనకి ముందు వరసలో కుర్చీ వేస్తారు, అక్కడి టీచరు వెనక్కి జరుగుతుంది, అది నాకు నచ్చలేదు. బోర్డు దగ్గర ఆ అమ్మాయే ఉండేట్టు, నేను పక్కన కూర్చుని ఉచ్చారణకి, పాటకి సాయపడేట్టు మార్పించాను. వాలంటీర్ అంటే అదేనని నా గట్టి అభిప్రాయం, వచ్చినవాడు వెళ్ళిపోయాక అక్కడి టీచరు బలం పెరగాలి గానీ తగ్గకూడదు.

ఇంకో కష్టం ట్యూషన్లు. అక్కడ ఆరో గ్రేడు చివర పరీక్ష ఉంటుంది, మంచి సెకండరీ స్కూల్లో సీటు దాని మీద ఆధారపడుతుంది, దాంతో పదేళ్ళ పిల్లలకి సాయంత్రాలు, శనివారాలు ప్రైవేటు. మన కార్పొరేట్ కాలేజీల గొడవ చూసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఐదో గ్రేడు రాగానే తెలుగు క్లాసులో పిల్లలు పల్చబడిపోతారు, తల్లిదండ్రుల్ని తప్పు పట్టలేం, కానీ చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పిల్లలు ఖాళీ చేసిన కుర్చీల్లోకి ఎవరొచ్చారో తెలుసా, వాళ్ళ అమ్మమ్మలు, తాతలు. రిటైరైన బస్ డ్రైవరు, ఆస్పత్రి నర్సుగా చేసినావిడ, పలకలాంటి నోటు పుస్తకాలు పట్టుకుని. వాళ్ళకి పరీక్షల్లేవు, చచ్చేలోపు మా తాత పాట చదవాలి అని ఒకాయన అన్నాడు, అంత సూటిగా.

ఆయనే ఒకరోజు క్లాసయ్యాక ఆగి ప్లాస్టిక్ కవర్లోంచి కాగితం తీశాడు. మోకాలో నేను చెప్పిన ఇన్‌స్టిట్యూట్లోనే వలస కూలీల రికార్డులన్నీ భద్రపరిచారు, ఒక్కో మనిషికీ ఓడ దిగగానే నంబరిచ్చి రిజిస్టర్లో రాశారు, 1860ల నుంచి ఫోటోలు కూడా తీశారు, ఇప్పటివాళ్ళు వెళ్ళి అడిగితే తమ పూర్వీకుల వివరాలు రాసిస్తారు. ఆయన తన ముత్తాతకి నాన్నగారివి తీయించుకున్నాడు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు అడుగులు అంగుళాల్లో, ఎడమ చెంప మీద మచ్చ. జిల్లా రాజమండ్రి, ఎందుకంటే గోదావరి జిల్లా అనేది 1859లో గానీ ఏర్పడలేదు. ఊరి దగ్గర ఏదో గిలికి ఉంది. ఆ గుమాస్తాలు తెలుగు తెలీనివాళ్ళు, విన్నది విన్నట్టు తమ స్పెల్లింగులో రాసుకున్నారు. ఆయన ఏళ్ళ తరబడి ఎంతోమందిని అడిగాడట, ఎవరికీ తెలీలేదు. నేను కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు పైకి చదివాను. ఇంజరం.

ఇంజరం తెలుసు కదా మనకి! యానాం పక్కన, ఒకప్పుడు ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు బట్టల వ్యాపారానికి ఫ్యాక్టరీ పెట్టిన ఊరు. ఫోన్లో మ్యాప్ తీసి చూపించాను, గోదావరి పాయ, కోరంగి, యానాం, ఇదిగో ఇంజరం. ఆయన చాలాసేపు మ్యాప్ పెద్దది చేసి చిన్నది చేసి చూసి, ఇప్పటికీ అక్కడ మనుషులున్నారా అని అడిగాడు. ఉన్నారండీ, ఇళ్ళున్నాయి, స్కూలుంది, బస్సాగుతుంది అన్నాను. ఆ వారం నుంచి క్లాసు అయ్యాక కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళు పెరిగారు. కొన్ని నాకు తెలిశాయి, శ్రీకాకుళం విజయనగరం వైపువి చాలా ఉన్నాయి, అవి ఆ వైపు టీచర్లకి పంపాను. కొన్ని మన డెల్టావే అని తెలుస్తోంది గానీ ఊరు అందట్లేదు, ఎందుకంటే అవి ఇవాళ రెవెన్యూ రికార్డుల్లో లేని పేర్లు. ఏటికి కోసుకుపోయిన లంకలు, పెద్ద ఊళ్ళో కలిసిపోయిన పేటలు, మూతపడిన రేవులు.

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో ఆప్రవాసి ఘాట్ అని ఉంది, యునెస్కో వాళ్ళు 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ఓడ దిగిన కూలీలు ఎక్కిన రాతి మెట్లు అలాగే ఉంచారు. ప్రతి నవంబర్ 2న సెలవిచ్చి పూలు పెడతారు. దిగిన చోటుని వాళ్ళు అంత జాగ్రత్తగా కాపాడుకున్నారు. ఎక్కిన చోటు మన దగ్గరుంది, కోరంగి వెళ్తే మడ అడవి బోర్డు ఉంది, బోటింగ్ టికెట్ ఉంది, ఇక్కణ్ణుంచి జనం మారిషస్ వెళ్ళారని చెప్పే పలక నాకు కనపడలేదు. అది పెట్టించడానికి అర్జీ రాస్తున్నాను, సంతకాలు కావాలి.

ఇంతకీ మీతో నాకున్న పని ఇది. ఇక్కడ టీచర్లున్నారు, వీఆర్వోలుగా చేసినవాళ్ళున్నారు, పెద్దవాళ్ళున్నారు. మీ ఊరి పాత పేరు, మీ ఊళ్ళో కలిసిపోయిన పల్లెల పేర్లు, ఏరు మింగేసిన లంకల పేర్లు, బల్లకట్టు రేవుల పేర్లు, మీ తాతలు ఎలా పలికేవాళ్ళో అలాగే రాసివ్వండి, స్పెల్లింగు గురించి బెంగ పడొద్దు, పలికిన తీరే మనకి కావాలి. తొమ్మిదో తరగతి పిల్లలకి ప్రాజెక్టుగా ఇచ్చినా బావుంటుంది, ముసలమ్మల దగ్గర కూర్చుని అడిగి రాస్తారు. అవి నేను మోకాలో వాళ్ళకి, మా క్లాసు టీచరమ్మాయికి పంపిస్తాను, తను ఆ కాగితాలతో సరిపోల్చి చూస్తుంది. వచ్చే జూన్‌కి వాలంటీర్‌గా వెళ్దామనుకునే టీచర్లెవరైనా ఉంటే వాళ్ళు కూడా పేరు రాయండి, పాడడం వచ్చినవాళ్ళైతే మరీ మంచిది. పుస్తకాలు రెండు పెట్టాను అదిగో లైబ్రేరియన్ గారి బల్ల మీద, నీలం అట్టది ఊళ్ళ పేర్లకి, ఎర్ర అట్టది అర్జీ సంతకాలకి. పెన్నులు కూడా ఉన్నాయి. ఇంక ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.